ఎగరనియ్యకపోయినా ఆ యూనిఫాం ఏసుకుంటవా బిడ్డా?

ప్రశ్న:
సార్, మాది జగిత్యాల జిల్లాల మెట్‌పల్లి దగ్గర ఊరు. నేను బీడీలు చేస్త. మా ఆయన పన్నెండేండ్ల సంది షార్జాల ఉంటున్నడు. మాకు ఒక్కతే బిడ్డ. కరీంనగర్ల హాస్టల్ల ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నది. టెన్త్‌ల మార్కులు మంచిగనే వచ్చినయి. మొన్న సెలవులకు వచ్చి ‘ఎంసెట్ రాయ, ఎయిర్‌ఫోర్స్‌ల పైలట్ అయిత, యుద్ధ విమానం నడుపుత’ అంటున్నది. నాకు విమానం అంటే మా ఆయనను శంషాబాద్ దాకా తోలిచ్చి ఏడ్సుకుంట వచ్చుడే తెలుసు. పొల్లకు ఏమన్న అయితే? రేపు పెండ్లెట్ల? మా అన్న అయితే ఆడపిల్లకు మిలిటరీ ఏందని కోపానికొస్తున్నడు. కరీంనగర్ల ఒకాయన మూడు లక్షలు కడితే సీటు ఇప్పిస్తనన్నడట. నిజమేనా? వద్దంటే బిడ్డ మాట్లాడుత లేదు. సరే అంటే నాకు నిద్ర పడుత లేదు. ఆయనకు ఇంక చెప్పలే, దసరాకు వస్తడు. నేనేం చెయ్యాలె?
— ఒక తల్లి

జవాబు:
చెల్లె,

ముందు ఆ మూడు లక్షల సంగతి. కట్టొద్దు. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. వాయుసేనలో ఆఫీసర్ సీటు ఇప్పించగల మనిషి ఎవరూ లేరు. పెద్ద ర్యాంకుల్లో ఉన్నవాళ్ల పిల్లలు కూడా సెలక్షన్ బోర్డు నుంచి పెట్టె పట్టుకుని వాపస్ రావడం నేను కళ్లారా చూశాను. లెక్కలూ ఇంగ్లిషూ చెప్పే కోచింగ్‌కు ఫీజు కట్టడం వేరే మాట. ‘సీటు’ అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి. ఎంపికైన పిల్లల చదువు, తిండి, బట్టలు, ఉండటం అన్నీ సర్కారే చూసుకుంటుంది. ఇంటర్ తర్వాత మిలిటరీ ఆఫీసర్ శిక్షణకు తీసుకునే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష దరఖాస్తు ఫీజు వంద రూపాయలు. ఆడపిల్లలకు ఆ వంద కూడా లేదు.

ఇక నేనెవరో చెప్తే, నా మాట ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. మాది వరంగల్. మా నాయన ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. చిన్నప్పుడు సైకిల్ మీద మామునూరు దాకా పోయి, నిజాం కాలపు రన్‌వే పక్కన గంటలకొద్దీ కూర్చునేవాణ్ని. డిగ్రీ అయ్యాక మిలిటరీ ఆఫీసర్ల కోసం పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి, 1990లో హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ వాయుసేన అకాడమీ నుంచి ఆఫీసర్‌గా బయటికొచ్చాను. ఇరవై మూడేళ్లు హెలికాప్టర్లు నడిపి వింగ్ కమాండర్‌గా రిటైరై, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. మీరు అడిగిన ప్రశ్నలే అప్పట్లో మా అమ్మ అడిగింది. ఆమెకు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీకన్నా చెప్పాలని కూర్చున్నాను.

మీ ఉత్తరంలో ‘యుద్ధ విమానం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. బిడ్డ ఫోన్‌లో రఫేలో తేజసో చూసి ఉంటుంది. తప్పేం లేదు, నేనూ ఆ వయసులో మిగ్‌లనే కలగన్నాను. అయితే ఒక మాట ఆమెకు ఇంకా ఎవరూ చెప్పి ఉండరు. వాయుసేన మొదట ఆఫీసర్‌ను ఎంచుకుంటుంది. ఆ ఆఫీసర్‌కు విమానం ఎగరేసే లక్షణం ఉందా అని తర్వాత చూస్తుంది. ఉందనుకుంటే, ఏ విమానం ఇవ్వాలన్నది ఆ పైన మాట. ఇందులో ఎక్కడైనా సరే ‘నువ్వు ఎగరొద్దు’ అని వాళ్లు అనొచ్చు. అన్నాక బతిమాలుకోవడం లేదు.

కాబట్టి ఈసారి బిడ్డ ఇంటికొచ్చినప్పుడు, అన్నం తినేటప్పుడు ఇట్ల అడగండి: ‘వాళ్లు నిన్ను ఎగరనియ్యకపోతే, నేల మీద కొలువు ఇస్తే, అయినా ఆ యూనిఫాం ఏసుకుంటవా బిడ్డా?’ అప్పటికప్పుడు జవాబు చెప్పమని పట్టుబట్టకండి. నాలుగు రోజులు ఆలోచించుకోనివ్వండి.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానో వినండి. అకాడమీలో నా రూమ్‌మేట్ నాకంటే తెలివైనవాడు, పరుగులో మా బ్యాచ్‌లో మొదటివాడు. విమానం ఎక్కితే మాత్రం చెయ్యి మాట వినేది కాదు. ల్యాండింగ్‌కు వచ్చేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో అంచనా అందేది కాదు. అదనపు గంటలు ఇచ్చారు, శిక్షకుణ్ని మార్చి చూశారు. ఒకరోజు సాయంత్రం గదికి వచ్చేసరికి తన ఫ్లయింగ్ ఓవరాల్ మడతపెట్టి నా మంచం మీద ఉంది. ‘నీది చిరిగింది కదా, ఇది ఉంచుకో’ అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు. ఫ్లయింగ్ నుంచి తీసేశారు. ఆరునెలలు నా ఉత్తరాలకు జవాబు లేదు. తర్వాత గ్రౌండ్ డ్యూటీ శిక్షణలో చేరి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు వెళ్లాడు. నాకంటే ఒక ర్యాంకు పైన గ్రూప్ కెప్టెన్‌గా రిటైరయ్యాడు. అతనికి యూనిఫాం అంటే ఇష్టం, అందుకని నిలబడ్డాడు. మా బ్యాచ్‌లో అట్లాగే ఆగిపోయిన ఇంకో అబ్బాయికి విమానం ఒక్కటే కావాలి. నేల మీద కొలువు వద్దని ఇంటికి పోయాడు. చాలా ఏండ్లు కోలుకోలేదని విన్నాను.

నన్నూ ఫైటర్లకు పంపలేదు. ఎవరు ఫైటర్లకు, ఎవరు రవాణా విమానాలకు, ఎవరు హెలికాప్టర్లకు అన్నది పిల్లల ప్రతిభను, సర్వీసు అవసరాన్ని బట్టి వాళ్లే నిర్ణయిస్తారు. నోటీసు బోర్డు మీద నా పేరు హెలికాప్టర్ల కింద కనపడిన రాత్రి నేను ఏడ్చాను. హకీంపేటలో చేతక్ హెలికాప్టర్ మీద నేర్పడం మొదలుపెట్టాక కూడా కొన్ని వారాలు ముభావంగానే ఉన్నాను. ఆ తర్వాత వరదల్లో ఇంటి కప్పు మీది నుంచి ఒక ముసలమ్మను తాడుతో పైకి లాగాం. ఆమె వచ్చి నా భుజం పట్టుకుని దిగేదాకా వదల్లేదు. ఆ రోజు నుంచి ఫైటర్ మాట మళ్లీ ఎత్తలేదు. మీకు గుర్తుండే ఉంటుంది, 2023 జులైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి వైపు ఊళ్లు మునిగినప్పుడు, నైన్‌పాక దగ్గర జేసీబీ మీద చిక్కుకుపోయిన వాళ్లను హెలికాప్టర్‌తోనే తీసుకొచ్చారు. బిడ్డకు ఆ వీడియోలు కూడా చూపించండి. మిలిటరీ పైలట్ బతుకులో అది పెద్ద భాగం.

ఇప్పుడు దారులు. ఎంసెట్ రాయను అంటోంది కదా, అది మాత్రం ఒప్పుకోకండి. ఎంసెట్‌కు చదివే లెక్కలూ ఫిజిక్సూ ఎన్డీఏకు అక్కరకొస్తాయి. ఒకటి చదివితే రెండోది పోతుందన్న భయం అక్కర్లేదు. ఎన్డీఏ పరీక్షను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కలకు 300 మార్కులు, ఇంగ్లిషు, జనరల్ నాలెడ్జి కలిసిన పేపర్‌కు 600. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి, పెళ్లి కాకూడదు. ఇంటర్ సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చు. 2021లో సుప్రీంకోర్టు చెప్పాక అమ్మాయిలకు ఈ తలుపు తెరిచారు. 2022లో చేరిన మొదటి బ్యాచ్ అమ్మాయిలు 17 మంది 2025 మే నెలలో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్డీఏలో అబ్బాయిలతో కలిసి కవాతు చేసి బయటికొచ్చారు. కాకపోతే అమ్మాయిలకు ఫ్లయింగ్ సీట్లు ఎన్డీఏలో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. దాచి లాభం లేదు, బిడ్డకు ఈ మాట ఇప్పుడే తెలియాలి.

రెండో తలుపు ఏఎఫ్‌క్యాట్, అంటే వాయుసేన తనే పెట్టే పరీక్ష. డిగ్రీయో బీటెక్కో 60 శాతంతో పూర్తి చేసి, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల లోపు రాసేది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండి తీరాలి, అందుకే ఎంపీసీ వదలొద్దు. ఎన్డీఏ రాకపోతే బీటెక్‌లో చేరి, కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ ఉంటే అందులో చేరమనండి. దాని ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు విడిగా కొన్ని సీట్లు ఉంటాయి. భువనగిరిలో ఆడపిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులం వాళ్ల సాయుధ దళాల డిగ్రీ కాలేజీ కూడా ఉంది, వాకబు చేయండి. రెండు దారులకూ తేడా ఒకటుంది. ఎన్డీఏ నుంచి వచ్చినవాళ్లకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొలువు. ఏఎఫ్‌క్యాట్‌తో ఫ్లయింగ్‌లోకి వచ్చే షార్ట్ సర్వీస్ వాళ్లకు పద్నాలుగేళ్లు, పెన్షన్ ఉండదు. ఆ పద్నాలుగేళ్లయ్యేసరికి వయసు నలభై లోపే ఉంటుంది, చాలామంది సివిల్ విమానాల్లో చేరతారు.

పుస్తకాలు కొనేముందు కళ్లు చూపించండి. ఇది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. చాలామంది రెండేళ్లు చదివి, రాతపరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ గెలిచి, చివర్లో మెడికల్‌లో ఆగిపోతారు. దూరం ఆనక మైనస్ అద్దాలు పెట్టుకునే వాళ్లను పైలట్లుగా తీసుకోరు. రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి. డాక్టర్‌తో ‘కంట్లో చుక్కలు వేసి పవర్ చూడండి, కలర్ విజన్ కూడా చూడండి’ అని అడగండి. ఒకవేళ పవర్ ఉందంటే లేజర్ ఆపరేషన్‌కు పరుగెత్తకండి. ఇరవై ఏళ్లలోపు చేయించుకున్న వాళ్లను తీసుకోరు.

తర్వాత ఎత్తు. పైలట్‌కు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, అంటే అయిదు అడుగుల నాలుగు అంగుళాలు. మన వైపు అమ్మాయిల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంకో కొలత కూడా ఉంది. గోడకు వీపు ఆనించి, కాళ్లు తిన్నగా చాపి కూర్చుంటే గోడ నుంచి మడమ దాకా 99 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 120 దాటకూడదు. తొడ పొడవు 64 దాటకూడదు. ఎందుకీ లెక్కలు అంటే, కాలు పొట్టిగా ఉంటే కింద రడ్డర్ పెడల్ అందదు. తొడ పొడుగ్గా ఉంటే, ప్రమాదంలో సీటుతో సహా పైకి ఎగిరిపోయేటప్పుడు మోకాళ్లు ముందున్న పరికరాల పలకకు తగిలి విరుగుతాయి. మీరు బట్టలు కొలిచే టేపు చాలు. బిడ్డను గోడకు కూర్చోబెట్టి మీరే కొలవండి. ఆ కొలతలు తేడాగా వస్తే పైలట్ ఆశ ఇప్పుడే వదులుకుని, టెక్నికల్ బ్రాంచో మరొకటో చూసుకోవచ్చు.

రాతపరీక్ష గెలిస్తే డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి లాంటి చోట్ల ఉన్న సెలక్షన్ బోర్డుకు పిలుస్తారు. అయిదు రోజులు ఉంటుంది. మొదటిరోజే వడపోత. మసకగా ఉన్న ఒక బొమ్మ ముప్పై సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి, తర్వాత గుంపులో చెప్పాలి. సగానికి పైగా పిల్లలు ఆ సాయంత్రమే రైలెక్కడం మామూలే. ఉన్నవాళ్లకు పదిహేను సెకన్లకొక మాట చొప్పున అరవై మాటలు చూపించి, ఒక్కో మాటకు ఒక్కో వాక్యం రాయమంటారు. బల్లలు, తాళ్లు, డ్రమ్ములు ఇచ్చి గుంపుగా కందకం దాటమంటారు. ఒక ఆఫీసర్ గంటసేపు కూర్చోబెట్టి మీ ఇల్లు, మీ ఊరు, మీ స్నేహితుల గురించి అడుగుతాడు.

ఇక్కడ మన పిల్లలు చేసే తప్పు ఒకటుంది. అమ్మ బీడీలు చేస్తుందని చెప్పడానికి సిగ్గుపడి, కోచింగ్‌లో బట్టీపట్టిన పెద్ద పెద్ద మాటలు చెప్తారు. మీ ఇంట్లో బ్యాంకు పని ఎవరు చేస్తారు చెల్లె? షార్జా నుంచి డబ్బు పడితే ఫారం ఎవరు నింపుతారు? ఆధార్‌లో పేరు తప్పు పడితే మీ-సేవకు ఎవరు తిరిగారు? మీకు జ్వరం వస్తే ఆకు కత్తిరించి, కట్టలు లెక్కపెట్టి కంపెనీలో ఇచ్చి వచ్చింది ఎవరు? మీ బిడ్డే అయి ఉంటుందని నాకనిపిస్తోంది. బోర్డు వెతికేది ఆ మనిషినే. పెద్దవాళ్లు లేని చోట బాధ్యత భుజాన వేసుకున్న పిల్ల ఎట్ల మాట్లాడుతుందో ఆ ఆఫీసర్లకు తెలుసు. ఆ సంగతులు ఉన్నవున్నట్టు, దాపరికం లేకుండా చెప్పమనండి. ఇంగ్లిషు తడబడితే తడబడనివ్వండి, కానీ నోరు విప్పాలి. రోజూ ఇంగ్లిషు పేపర్‌లో ఒక వార్త గట్టిగా చదివి, అదే వార్తను తన మాటల్లో మీకు చెప్పమనండి. మీకు అర్థం కాకపోయినా సరే, ఎదురుగా ఒక మనిషి కూర్చుని వినాలి.

పైలట్ కావాలనుకునే వాళ్లకు అక్కడే కంప్యూటర్ మీద ఇంకో పరీక్ష. ముందు గడియారాల్లాంటి పరికరాలు చదవడం, తర్వాత చేత్తో స్టిక్, కాళ్లతో పెడల్స్ తిప్పుతూ తెర మీది చుక్కను గీతలో ఉంచడం. ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే పైలట్ తలుపు మూసినట్టే, ఎన్నిసార్లు బోర్డుకు పోయినా మళ్లీ రాయనివ్వరు. కాబట్టి ‘ఊరికే ఒకసారి చూసొద్దాం’ అని వెళ్లే చోటు కాదిది. ముందురోజు రాత్రి బాగా నిద్రపోవాలి, పొద్దున కడుపునిండా తినాలి. నాకు తెలిసిన తయారీ అదే.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని సంగతి. ‘పొల్లకు ఏమన్న అయితే?’ అన్నారు. ఏమీ కాదని నేను చెప్పను. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం మన మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి, శిక్షకుడు, కేడెట్ ఇద్దరూ పోయారు. యుద్ధం లేదు, శత్రువు లేడు, మామూలు సోమవారం పొద్దున. నా సర్వీసులో నేను భుజం పట్టి మోసిన శవపేటికలు ఉన్నాయి. వాటి సంఖ్య రాయను. ఫైటర్లలో ప్రాణం కాపాడే సీటు ఉంటుంది, లాగితే మనిషిని విమానంలోంచి విసిరేస్తుంది, ఆ కుదుపుకు వెన్నెముక దెబ్బతినొచ్చు కానీ చాలాసార్లు ప్రాణం దక్కుతుంది. మా హెలికాప్టర్లకు అదీ లేదు.

జాగ్రత్త ఎంత తీసుకుంటారో కూడా చెప్పాలి. జలుబు చేసినా ఆ రోజు ఎగరనివ్వరు, పైకి వెళ్తే చెవుల్లో, ముఖం ఎముకల్లో పీడనం తట్టుకోలేరని. నిద్ర చాలలేదని పైలట్ నోటితో చెప్తే ఎవరూ తిట్టరు, చెప్పకుండా ఎగిరితే తిడతారు. ప్రతి పనికీ చెక్‌లిస్టు ఉంటుంది. వెయ్యిసార్లు చేసిన పనైనా కాగితం చూసి, పైకి చదివి చేస్తారు. నాకు ఆ అలవాటు ఎంత ఇంకిందంటే, ఇప్పటికీ ఊరికి పోయేటప్పుడు గ్యాస్ బుడ్డి, నల్లా, తాళం అని గట్టిగా అనుకుంటూ ఇల్లంతా తిరుగుతాను.

మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు మీకు చెప్పాలి. అప్పుడు మాకు హెచ్‌పీటీ-32 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం, శిక్షకుడు పక్క సీట్లోనే కూర్చునేవాడు. ఆ రోజు రెండు చక్కర్లు కొట్టి దిగాక ఆయన ఇంజిన్ ఆపనివ్వలేదు. పైనున్న అద్దాల కప్పు వెనక్కి జరిపి దిగాడు. తన సీటు బెల్టులు నాలుగూ మళ్లీ ఒకదానికొకటి బిగించి, లాగి చూశాడు, ఖాళీ సీట్లో అవి జారి కంట్రోల్స్‌కు తగులుకోకుండా. నా వైపు చూడకుండానే విమానానికి దూరంగా నడిచాడు. నేను పైకి లేచాక ఒకసారి పక్కకు చూశాను. మనిషి లేడు, బెల్టులు ఉన్నాయి. అంతసేపూ ఆయన చెప్పిన మాటలే నా నోటితో గట్టిగా చెప్పుకుంటూ దించాను. దిగేసరికి నాలిక ఎండిపోయింది. మీ బిడ్డ కోరుకుంటున్నది ఆ సీటు. మీరు కాదన్నా ఆ కోరిక పోదు, సరైన దారి చూపిస్తే జాగ్రత్తగా కూర్చోవడం మాత్రం నేర్చుకుంటుంది.

ఎదురుచూడటం సంగతి మీకు నేను చెప్పేదేముంది? షార్జా నుంచి ఫోన్ రాని రాత్రి ఎట్ల గడుస్తుందో మీకు తెలుసు. పన్నెండేండ్లుగా మీరు చేస్తున్నది మా ఇళ్లల్లో మా ఆడవాళ్లు చేసే పనే. నేను ఎగరడానికి వెళ్లినప్పుడు, వేళ కాని వేళ క్వార్టర్ ముందు జీపు ఆగితే నా భార్య చేతిలో పని అట్లనే ఆగిపోయేది. జీపు ముందుకు పోయాక మళ్లీ మొదలుపెట్టేది. రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ. అస్సాం, జోధ్‌పూర్, లేహ్, ఎక్కడైనా కావచ్చు. బతుకమ్మకు రాలేకపోవచ్చు. సమ్మక్క జాతరకు సెలవు దొరకదు. ఈ బాధలన్నీ నిజం. మీకు అలవాటైనవే అయినా, మళ్లీ ఇంకోసారి మొదట్నుంచి పడాలి.

మీ అన్నగారి మాటకు ఎక్కువ రాయను. 1994 నుంచే ఆడవాళ్లు వాయుసేనలో హెలికాప్టర్లు, రవాణా విమానాలు నడుపుతున్నారు. మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న కవాతు చేసి బయటికొచ్చింది ఎక్కడి నుంచో కాదు, మన దుండిగల్ నుంచే. మీ ఊరి నుంచి బస్సెక్కితే పూట ప్రయాణం. హైదరాబాద్‌లో పుట్టి నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. అంతరిక్షానికి వెళ్లిన రాకేశ్ శర్మ కూడా హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవారే. ఈ కొలువు మనకు కొత్తదీ కాదు, దూరపుదీ కాదు.

పెళ్లి అంటారా, శిక్షణ పూర్తయ్యేదాకా చేసుకోకూడదని నిబంధనే ఉంది. ఎన్డీఏలో మూడేళ్లు, దుండిగల్‌లో ఆ పైన ఏడాది, బయటికొచ్చేసరికి ఇరవై రెండు దగ్గరికొస్తుంది. అప్పుడు ఆమె ఫ్లయింగ్ ఆఫీసర్, గెజిటెడ్ ఉద్యోగి. కాన్పుకు ఆర్నెల్ల సెలవు ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు ఎగరనివ్వరు. నా కింద పనిచేసిన అమ్మాయిలు పిల్లల్ని కని, మళ్లీ వచ్చి ఎగిరారు.

జీతం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఏడో వేతన సంఘం లెక్క ప్రకారం మొదటి మూల వేతనం నెలకు 56,100 రూపాయలు, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, ఎగిరేవాళ్లకు ఫ్లయింగ్ అలవెన్స్ 25,000, డీఏ వేరే. దుండిగల్ ఏడాదిలోనే 56,100 స్టైపెండ్ ఇస్తారు. మా నాయన మిల్లులో ఏడాదంతా సంపాదించింది నేను కొద్ది నెలల్లో ఇంటికి పంపినప్పుడు, ఆయన మనీయార్డర్ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని కొన్ని రోజులు తిరిగాడట. మా చెల్లె చెప్పింది. ఒక హెచ్చరిక కూడా ఉంది. శిక్షణలో చేరాక ‘నాకిష్టం లేదు’ అని తనంతట తాను వదిలేసి వస్తే, అప్పటిదాకా పెట్టిన ఖర్చు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేస్తారు. అందుకు ముందే బాండు రాయించుకుంటారు. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

చివరగా వాళ్ల నాన్న. ఫోన్‌లో చెప్పకండి. అంత దూరంలో, పని నుంచి అలిసి వచ్చిన మనిషి వీడియో కాల్‌లో ఈ మాట వింటే ముందు భయమే పడతాడు, ఆ భయం కోపంగా బయటికొస్తుంది. ఆయన దసరాకు వస్తున్నారు కదా. ఈలోపు కళ్ల డాక్టర్ రిపోర్టు తెప్పించండి, కొలతలు రాసి ఉంచండి, నేను చెప్పిన ప్రశ్న బిడ్డను అడగండి. ‘ఎగరనియ్యకపోయినా ఏసుకుంట’ అని ఆమె అంటే, నాన్నకు మీరు చెప్పొద్దు, ఆమెనే చెప్పనివ్వండి. మీరు పక్కన కూర్చోండి చాలు. బోర్డుకు వెళ్లేముందు తల్లిదండ్రుల సంతకంతో ఒక రిస్క్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అక్కడి పరీక్షల్లో దెబ్బ తగిలితే పరిహారం అడగబోమని. అందులో ఆయన సంతకం ఉంటే బిడ్డకు బలం.

‘ఎగరనియ్యకపోతే వద్దు’ అని ఆమె అంటే అది కూడా తప్పు జవాబేం కాదు. అప్పుడు ఎంసెట్ రాసి బీటెక్‌లో చేరమనండి. ఏఎఫ్‌క్యాట్‌కు ఇరవై నాలుగేళ్ల దాకా టైముంది, అప్పటికి మనసు ఏమంటుందో చూడొచ్చు. కళ్ల రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, కొలతలు కూడా పంపండి. బిడ్డను కూడా తన చేత్తో నాలుగు లైన్లు రాయమనండి, తెలుగులోనే.